గేటు మూస్తేనే చెబుతా

లిఫ్ట్ మెకానిక్ మెట్లన్నీ ఒక్క ఉరుకున ఎక్కి నాలుగో అంతస్తుకి చేరేసరికి అతని కూతురి కాళ్ళు రెండూ గాల్లో వేలాడుతున్నాయి.

లిఫ్ట్ నాలుగో అంతస్తు దాటి, ఐదోది అందక, మధ్యలో ఆగిపోయింది. దాని నేల అతని ఛాతీ ఎత్తున ఉంది. లోపలి జాలీ గేటు బార్లా తెరిచి ఉంది. ఆ అంచున కూర్చుంది ఏడేళ్ళ మిరపగింజ. ఇంట్లో అందరూ పిలిచే పేరది. కింద ఆ అంతస్తులో కొట్టున్న దర్జీ చేతులు రెండూ చాచి నిలబడ్డాడు.

"దూకు తల్లీ! నేను పట్టుకుంటాగా. ఈ చేతుల్లోంచి ఇంతవరకూ సూది కూడా జారలేదు!"

"ఎవరూ కదలొద్దు!" మెకానిక్ అరిచిన అరుపుకి దర్జీ చేతులు వాటంతటవే దిగిపోయాయి.

లిఫ్ట్ అడుగుకీ నాలుగో అంతస్తు గచ్చుకీ మధ్య నల్లటి ఖాళీ నోరు తెరుచుకుని ఉంది. దాని వెనక, లిఫ్ట్ తిరిగే దారంతా, అడుగుదాకా బావి. దూకే పిల్ల ముందుకు పడితే దర్జీ చేతుల్లో పడుతుంది. కాస్త జారి వెనక్కి ఒరిగిందా, లిఫ్ట్ కిందనుంచి నేరుగా బావిలోకే. పదహారేళ్ళ సర్వీసులో అలాంటి ప్రమాదం ఒకటి చూశాడు మెకానిక్. రెండోది చూసే ఓపిక అతనికి లేదు.

"బయటి తలుపు ఎవరు తీశారు?"

"నేనేనండీ," అన్నాడు దర్జీ గర్వంగా. "ఇనప కడ్డీ పెట్టి ఒక్క పోటు పొడిచా."

తలుపు తాళం విరిగి వేలాడుతోంది. ఇక అది మూసుకోదు. మెకానిక్ ఏదో అనబోయేంతలో లిఫ్ట్ లోపలి నుంచి చిరపరిచితమైన గొంతు వినిపించింది.

"వచ్చాడండీ మా సున్నా! ఏరా, నువ్వు సర్వీసు చేసిన లిఫ్టేగా ఇది? ఎంత గట్టిగా చేశావురా, కదలమన్నా కదలట్లేదు!"

చుట్టూ ఉన్న జనం నవ్వారు.

అది మెకానిక్ తండ్రి. ఆయనా లిఫ్ట్ మెకానిక్కే, రిటైరై ఎనిమిదేళ్ళయింది. ఆరో అంతస్తులో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గర ముందు పళ్ళ సెట్టు పెట్టించుకోవడానికి బయల్దేరాడు. బడికి సెలవు కాబట్టి తాతకి తోడు మనవరాలు, మనవరాలికి తోడు తాత. ఆయన మోకాలు వంగదు. లిఫ్ట్ మూలన కాలు చాపుకుని కూర్చున్నాడు. లేచి పిల్లని పట్టుకునే స్థితిలో లేడు, చతుర్లాడే స్థితిలో మాత్రం ఎప్పుడూ ఉంటాడు.

ఆయన చతుర్లు మెకానిక్‌కి కొత్త కాదు. లెక్కల్లో ఒక్కసారి సున్నా వచ్చిన పాపానికి తొమ్మిదేళ్ళ వయసులో ఆ పేరు తగిలించాడు. బంధువుల ముందు సున్నా, కస్టమర్ల ముందు సున్నా, పెళ్ళిచూపుల్లో కూడా సున్నా. ఊరంతా పడీ పడీ నవ్వేది. మిరపగింజ పుట్టిన రోజున మెకానిక్ ఒక ఒట్టు పెట్టుకున్నాడు. తన ఇంట్లో జోకు వేస్తే అది తనమీదే వేసుకోవాలి, పిల్లమీద వెయ్యకూడదు. అప్పట్నుంచీ బకెట్టు నెత్తిన పెట్టుకుని రాజునంటాడు, సాక్సు చేతులకి తొడుక్కుని వంట చేస్తాడు. పిల్ల "అబ్బా నాన్నా!" అని తల కొట్టుకుంటే అదే అతనికి అవార్డు.

ఇప్పుడు ముఖంలో కంగారు కనిపించకుండా అదే ప్రయోగం చేశాడు.

"మిరపగింజా, లిఫ్ట్ ఎందుకాగిందో తెలుసా? నేను పొద్దున తల దువ్వుకోలేదుగా. నన్ను చూసి దడుచుకుని ఆగిపోయింది!"

పిల్ల నవ్వలేదు.

"ఇప్పుడు జోకులొద్దు నాన్నా. నన్ను దింపు."

"దింపుతా తల్లీ. నువ్వు కాళ్ళు లోపలికి పెట్టుకుని గేటు మూసెయ్. నేను పైకెళ్ళి చక్రం తిప్పుతా. రెండే రెండు నిమిషాలు."

"వద్దు! గేటు మూస్తే భయం. నువ్వెళ్ళొద్దు. నువ్వెళ్తే నేను దూకేస్తా!"

అతను మెట్లవైపు ఒక్క అడుగు వేశాడు. పిల్ల అంచుమీద ఒక జానెడు ముందుకి జరిగింది. అతను గబుక్కున వెనక్కి వచ్చాడు.

అప్పుడు చూశాడు రెండో సంగతి. లిఫ్ట్ నేల ఇందాకటి కంటే కొంచెం పైన ఉన్నట్టుంది. దర్జీ చెవిమీదున్న సుద్దముక్క లాక్కుని, తలుపు చట్రం మీద లిఫ్ట్ నేలకి సరిగ్గా ఒక గీత గీశాడు. మనసులో అరవై లెక్కపెట్టాడు. నేల ఆ గీతని దాటి అరవేలు పైకి పోయింది.

బ్రేకు జారుతోంది. ఒక ముసలాయన, ఒక పిల్ల. తాడుకి అవతలి వైపు వేలాడే తూకపు దిమ్మె బరువు ముందు వాళ్ళెంత? లిఫ్ట్ మెల్లగా పైకి పాకుతోంది. నిమిష నిమిషానికీ కింద నోరు పెద్దదవుతోంది. బ్రేకు పూర్తిగా వదిలేస్తే, పిల్ల కాళ్ళు బయట ఉండగానే లిఫ్ట్ ఒక్క ఊపున పైకి లేస్తుంది. ఐదో అంతస్తు గచ్చు అంచు కత్తెరలా ఎదురొస్తుంది.

ఎందుకు జారుతోందో కూడా అతనికి తెలుసు. రెండు వారాల కిందట బ్రేకు డ్రమ్ము మీద నూనె బొట్టు చూశాడు. గుడ్డతో తుడిచేసి, నూనె కారకుండా ఆపే సీలు వచ్చేసారి మారుద్దాంలే అనుకున్నాడు.

రెండో మెకానిక్‌కి ఫోన్ చేశాడు. ఊరి అవతలి చివర ఉన్నాడట. గంట పడుతుంది. ఇక్కడ నిలబడితే లిఫ్ట్‌ని ఆపేవాడు లేడు. పైకి పోతే పిల్లని ఆపేవాడు లేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నుయ్యి నిజంగానే ఎదురుగా ఉంది.

"ఓసి ఏడుపుగొట్టుదానా," తాత మూలనుంచి అందుకున్నాడు, "నీ కన్నీళ్ళకి కింద మూడంతస్తులూ మునిగిపోతాయే. వాళ్ళకి ఈతొచ్చో రాదో కనుక్కున్నావా?"

పిల్ల బావురుమంది. ఇంకొంచెం ముందుకి జరిగింది.

"నాన్నా!" మెకానిక్ చేతులు జోడించాడు. "నీకు దండం పెడతా. నన్నేమైనా అనుకో. దాన్ని మాత్రం ఏమీ అనకు."

పెద్దాయన కొడుకు ముఖం వంక చూశాడు. తర్వాత చట్రం మీది సుద్దగీత వంక చూశాడు. తన అరచేతిని లిఫ్ట్ నేలకి ఆనించి, జ్వరం చూసేవాడిలా కాసేపు అలాగే ఉంచాడు. ఎంతైనా ముప్పయ్యారేళ్ళు లిఫ్టులు బాగుచేసిన చెయ్యి.

"ఏమే," అన్నాడు నెమ్మదిగా. "నీకో సంగతి చెప్పనా? నేనూ ఒకసారి ఇలాగే ఇరుక్కుపోయాను."

వెక్కిళ్ళు ఆగాయి. "నువ్వా?"

"నేనే. అదీ నేను బాగుచేసిన లిఫ్ట్‌లోనే."

జనంలో కదలిక వచ్చింది. దర్జీ మెడ సాచాడు. పెద్దాయన ఠక్కున ఆగిపోయాడు.

"ఊహూ. ఇంతమంది ముందు చెప్పను. పరువు పోతుంది. గేటు మూస్తేనే చెబుతా."

"నాన్న కూడా వినకూడదా?"

"వాడు అసలే వినకూడదు! వాణ్ణి ఇక్కణ్ణుంచి పొమ్మను. పైకి పొమ్మను. దూరంగా."

పిల్ల తండ్రిని చూసింది, తాతని చూసింది. కాళ్ళు పైకి లాక్కుంది.

"నాన్నా, నువ్వు పైకెళ్ళు. రహస్యం."

జాలీ గేటు కటక్‌మని మూసుకుంది.

మెకానిక్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ తెరిచిన తలుపు దగ్గర వాచ్‌మన్‌ని కుర్చీ వేసి కూర్చోబెట్టి, "నీ అమ్మమ్మ వచ్చినా దగ్గరికి రానివ్వకు" అన్నాడు. దర్జీ రెక్క పట్టుకున్నాడు. "సాయం చేస్తానన్నావుగా, రా!"

మూడంతస్తులు, ఆపైన డాబా, డాబా మీద మెషిన్ రూమ్. కుంపటిలా కాలిపోతోంది. మెకానిక్ మెయిన్ స్విచ్ దించేశాడు. బ్రేకు లీవరు దర్జీ చేతికిచ్చాడు.

"ఎత్తమంటే ఎత్తు. వదలమంటే వదులు. సొంత తెలివి వాడకు."

తను ఇనప చక్రాన్ని రెండు చేతులతో వాటేసుకుని, పాదం గోడకి తన్నిపెట్టాడు. బ్రేకు లేవగానే లిఫ్ట్ పైకి ఉరుకుతుంది. ఆ ఉరుకుని ఒంటితో ఆపుతూ, కొంచెం కొంచెంగా వదలాలి.

"ఎత్తు!"

చక్రం మీదపడ్డ బరువుకి భుజాలు కలుక్కుమన్నాయి. అప్పుడే గోడమీది ఇంటర్‌కమ్ పెట్టె గరగరమంది. పిల్ల ఇందాక భయంతో గంట మీట నొక్కినప్పుడు తెరుచుకున్న లైను ఎవరూ మూయలేదు.

"...గుమాస్తాలందర్నీ పిలిచా. 'చూడండి, ఇది ఇంక వందేళ్ళు ఆగదు' అన్నా. మీసం దువ్వుకుని ఎక్కా. మీట నొక్కా. రెండున్నరో అంతస్తులో ఆగింది."

"రెండున్నరో అంతస్తు ఉండదు తాతా."

"నాకోసం కట్టారులే. బయట గుమాస్తాలు 'మెకానిక్‌ని పిలవండి, మెకానిక్‌ని పిలవండి' అని ఒకటే గోల. నేనే మెకానిక్‌ననే సంగతి వాళ్ళకి తట్టేలోపు, నేనూ లోపల్నుంచి అరిచా, 'అవునండీ, త్వరగా మెకానిక్‌ని పిలవండి!' అని. గొంతు మార్చి."

"గొంతు మార్చా? ఎలా?"

పెట్టెలోంచి సన్నగా, కీచుగా, తోక తొక్కిన పిల్లిలాంటి అరుపు వచ్చింది. "మెకా...నిక్...ని పిలవం...డీ!"

దర్జీ భళ్ళున నవ్వాడు. లీవరు చేతిలో ఊగింది.

"నవ్వకు! పట్టు!" అన్నాడు మెకానిక్. అనడమైతే అన్నాడు కానీ, అతని పొట్టలోంచి కూడా ఏదో తన్నుకొచ్చింది. నలభై ఏళ్ళుగా తను వింటున్న గొంతు పిల్లిలా అరవడం ఇదే మొదలు. నవ్వు వస్తే చేతుల్లో బలం ఉండదు. చక్రం గిర్రున పావు చుట్టు జారింది.

"వదులు! వదిలెయ్!"

బ్రేకు పడింది. నూనె పట్టిన డ్రమ్ము మీద కీచుమంటూ, ఆగుతుందా ఆగదా అన్నట్టు జారి, చివరికి ఆగింది.

"తాతా, లిఫ్ట్ తుమ్మింది," అంది పెట్టెలో పిల్ల.

"తుమ్మనీ. విను. అప్పుడు మా నాన్న వచ్చాడు. అదే ఆఫీసులో లిఫ్ట్‌లో స్టూలేసుకుని మీటలు నొక్కే పని ఆయనది. పొద్దస్తమానం ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ నవ్వించేవాడట. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం ఆ నవ్వుని గొడుగుతోపాటు గుమ్మం బయటే పెట్టేసేవాడు. మేం ఆయన పళ్ళు చూసి ఎరగం."

"ఎత్తు," అన్నాడు మెకానిక్ లోగొంతుకతో. ఈసారి చక్రం జారలేదు.

"ఆ రోజు చూశా. జాలీలోంచి నన్ను చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. గుమాస్తాలంతా నవ్వారు."

"నువ్వు నవ్వలేదా?"

"నాకు ఏడుపొచ్చింది. ఇంకెప్పుడూ ఎవరూ నన్ను చూసి నవ్వకూడదు, వాళ్ళు నవ్వేలోపు నేనే వాళ్ళని చూసి నవ్వెయ్యాలి అనుకున్నా. అదే అలవాటైపోయింది."

"నాన్నని సున్నా అంటావు, అందుకా?"

చక్రం అంగుళం అంగుళంగా తిరుగుతోంది. దర్జీ ఊపిరి బిగబట్టి లీవరు పట్టుకున్నాడు.

"ఆ అలవాటుకి మొదట దొరికింది వాడే పాపం," అన్నాడు పెద్దాయన.

ఇనప తాడు మీది తెల్లరంగు గుర్తు వచ్చి ఐదో అంతస్తుని చూపే అంకె దగ్గర నిలిచింది. "వదులు." బ్రేకు దిగింది. మెకానిక్ చక్రం కింద చెక్క దిమ్మ బిగించి, చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. దర్జీ కూడా తుడుచుకున్నాడు, కానీ అతనికి చెమట అంతగా పట్టలేదు.

ఐదో అంతస్తు తలుపు తెరవగానే మిరపగింజ దూసుకొచ్చి తండ్రి నడుం పట్టేసుకుంది. "నాన్నా, నీకు చెప్పకూడదు!" అంటూనే పడీ పడీ నవ్వుతోంది. పెద్దాయన కూర్చున్నచోటు నుంచే ఇంటర్‌కమ్ మీద వెలుగుతున్న ఎర్రదీపాన్ని చూశాడు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"విన్నావా?"

"విన్నాను."

మెట్లమీదనుంచి జనం ఎగబాకుతున్నారు, కింద తెరిచిన తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి వాచ్‌మన్ కూడా. పెద్దాయన చూపు కొడుకు పెదాల మీదే ఉంది. అవి ఎటు తిరుగుతాయా అని చూస్తున్నాడు. మెకానిక్ లోపలికి వెళ్ళి ఆయన పక్కన కింద కూర్చున్నాడు.

"నాన్నా, రెండు వారాల కిందటే బ్రేకు మీద నూనె చూశాను. వచ్చేసారి చూద్దాంలే అని వదిలేశాను. తప్పు నాదే."

ఆయన చతుర్లకి సాయంత్రం దాకా సరిపోయే సరుకది. ఏ చతురు వస్తుందో, అది ఏ అక్షరంతో మొదలవుతుందో కూడా మెకానిక్‌కి తెలుసు. దానికి సిద్ధపడి భుజాలు బిగించాడు.

"నువ్వు నయం," అన్నాడు తండ్రి. "చూసి తుడిచావు. నా రోజుల్లో నేనైతే, ఆ నూనె తెచ్చి పోసింది వాచ్‌మనే అని రిపోర్టు రాసేవాణ్ణి."

వాచ్‌మన్ "అయ్యో!" అన్నాడు. జనం గొల్లుమన్నారు. పెద్దాయన కూడా నవ్వాడు, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, బోసి నోరు అందరికీ కనిపించేలా. "సాయంత్రం నన్నూ పైకి తీసుకుపో. సీలు ఇద్దరం కలిసి మారుద్దాం."

లిఫ్ట్‌కి 'పనిచేయదు' అట్ట తగిలించి ముగ్గురూ మెట్లెక్కారు. పళ్ళ డాక్టరు దగ్గరికి ఇంకొక్క అంతస్తే. పిల్ల ముందు, వెనక కొడుకు భుజం మీద చెయ్యివేసి తండ్రి.

"నాన్నా, నువ్వెప్పుడైనా ఇరుక్కుపోయావా?"

"ఇందాకే. నాలుగో అంతస్తులో, మెట్ల దగ్గర. పైకి పోవాలో, నీ దగ్గర ఉండాలో తెలీక."

"అది కథ కాదు," పిల్ల పెదవి విరిచింది.

"వాడికి చెప్పడం రాదే. నేను చెబుతా విను," అన్నాడు తాత మెట్టు మీద కాస్త ఊపిరి తీసుకుని. "అనగనగా ఒక మెకానిక్. చాలా మంచి మెకానిక్..."

మెకానిక్ కాలు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది.

"ఆగకురా," అన్నాడు తండ్రి. "నా బరువంతా నీమీదే ఉంది."