మూతలో సగం

నేను ఒక గోధుమరంగు గాజుసీసాను. విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలలో నన్ను దూలగొండి గింజల సారంతో నింపారు. కాయ నూగు తగిలితే ఒళ్ళంతా రక్కుకోవాల్సిందేనని ఆ తీగకు ఆమడ దూరంలో నడిచే మనుషులే, దాని గింజల్ని ఉడికించి, వడగట్టి, చేతుల వణుకు తగ్గించమని ప్రాధేయపడుతున్నారు. అవసరం పడితే మనిషి పాత కోపాలన్నీ మరిచిపోతాడు.

ఆ వణుకు మెదడులో పుడుతుందట. ఆస్పత్రిలో డాక్టర్ నీరజాక్షి నన్ను విజయనగరం పక్క పల్లెకు చెందిన గౌరమ్మ చేతిలో పెట్టింది.

"రోజూ పొద్దున్నే నిండుగా ఒక మూత తాగాలమ్మా. ఆరు నెలలు చూస్తాం. గుణం కనిపిస్తే అందరికీ ఇస్తాం. లేకపోతే ఈ పని ఇక్కడితో ఆపేస్తారు."

గౌరమ్మ తలూపింది. అన్నం ముద్ద చెదరకుండా నోటిదాకా తెచ్చుకోగలిగితే చాలు ఆమెకు.

ఆమె తోడికోడలు పైడితల్లికీ అదే జబ్బు. షుగరు ఉందని ఆమెను ఈ మందు పరీక్షకు తీసుకోలేదు. మొదటిరోజే గౌరమ్మ సగం మూత తాగి, మిగిలింది ఆమెకు అందించింది.

"వద్దప్పా, అది నీకిచ్చిన మందు కదేటి."

"ఒకింట్లో ఇద్దరం వొణుకుతుంటే నానొక్కదాన్నే ఎలాగ తాగుతాను? నోరు తియ్."

నాకు నోరుంటే ఆపేదాన్ని. సగం తాగితే నా శక్తి ఎంతో ఎలా తేలుతుంది? అయినా వాళ్ళ మీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది. నా తర్వాత వచ్చిన సీసాలూ అలాగే ఖాళీ అయ్యాయి. ఆస్పత్రికి తిరిగి ఇవ్వాలని గౌరమ్మ మమ్మల్ని ఒక సంచిలో దాచింది.

ఆరు నెలలయ్యాక ఆ సంచితో ఆస్పత్రికి వచ్చింది. నీరజాక్షి ముఖం వాడిపోయి ఉంది.

"ఎవరిలోనూ గుణం కనిపించలేదమ్మా. మూసెయ్యమని పైనుంచి చెప్పేశారు. మీరు రోజూ తాగారు కదా?"

"చుక్క ఒలకనీలేదమ్మా. మా పైడితల్లికీ తగ్గలేదు. ఇద్దరం సరిసమానంగా తాగినాం."

నీరజాక్షి కుర్చీలోంచి లేచింది. గబగబా వరండాలోకి వెళ్ళింది. సంచి పట్టుకుని గౌరమ్మ వెనకే నడిచింది. ఆ మందు వాడినవాళ్ళంతా అక్కడ బెంచీల మీద కూర్చుని ఉన్నారు.

"మందు ఇంకెవరికైనా పంచినవాళ్ళు చేతులెత్తండి. తిట్టను," అంది డాక్టరమ్మ.

గౌరమ్మే ముందు ఎత్తింది. ఆ తర్వాత వరండా నిండా ఒక్కొక్కటిగా చేతులు లేచాయి, అన్నీ వణుకుతూనే.