ఆఫీసులోంచి సైకిల్ దారి

నేను రోడ్ల మీద గీతలు గీస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. మా పనిలో నియమం ఒక్కటే: రంగు బండి మీద పడకూడదు. గీత వంకరపోయినా ఎవరూ అడగరు. కారు మీద చుక్క పడిందో, మన పని అయిపోయినట్టే.

నాలుగు నెలల కిందట నేను గీసిన సైకిల్ దారిలో, నేనే వేసిన సైకిల్ బొమ్మ మీద ఎవడో కారు ఆపాడు. మా అమ్మాయి మందుల షాపు నుంచి ఇళ్లకు సైకిల్ మీద మందులు చేరవేస్తుంది. ఆ కారును తప్పించబోయి బస్సుల వైపు తిరిగింది. బస్సు తగిలి పడిపోయింది. చెయ్యి విరిగింది. "ఐదు నిమిషాలే కదండీ ఆపింది!" అన్నాడు ఆ కారాయన, తప్పంతా మా పిల్లదైనట్టు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కట్టు విప్పారు. సోమవారం నుంచి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని షాపాయన కబురు చేశాడు. మా ఆవిడ సైకిల్ తాళంచెవి తన చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగేసింది.

"దాన్ని మళ్లీ ఆ బస్సుల్లోకి పంపను. గీసేది మీరేగా, మీరే ఏదో ఒకటి చెయ్యండి" అంది.

మా అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన కారు కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసు ముందు సైకిల్ దారిలోనే ఉంటుంది. కార్లు తీయించమని అడిగాను. ఆయన తలెత్తకుండానే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చాడు: "వాహనములు నిలిచి ఉన్నచోట వాటికి ఇబ్బంది కలుగకుండా గీతను పక్కకు మళ్లించవలెను."

ఏ పక్కకో రాయలేదు. ఒక పక్క బస్సులు. అటు చచ్చినా మళ్లించను. రెండో పక్కకే మళ్లించాను.

మొదటి కారు సెలూన్ ముందుంది. గీత కాలిబాట ఎక్కి, సెలూన్‌లోకి వెళ్లి, కుర్చీల వెనకగా తిరిగి, పక్క తలుపులోంచి బయటపడింది.

"కత్తి చేతిలో ఉన్నప్పుడు సైకిలొస్తే?" అన్నాడు సెలూనాయన.

"గంట కొడతారు లెండి."

"అయితే సరే."

రెండోది ఒక వ్యాను. గీత కుట్టుమిషన్ల మధ్యనుంచి పోయింది. టైలరమ్మ నా డబ్బా వంక చూసి, "గోడలక్కూడా కాస్త కొట్టరాదూ?" అంది. మూడోది మా అధికారి కారు. ఆయన భోజనానికి వెళ్లిన వేళ మెట్ల మీద చెక్క పలక వేసి గీతను ఎక్కించాను. వరండా దాటించి, ఆయన గదిలో బల్ల చుట్టూ తిప్పి, వెనక తలుపులోంచి రోడ్డు మీదికి దింపాను. బీరువా ముందు సైకిల్ బొమ్మ కూడా వేశాను. నా జన్మలో అంత బాగా కుదిరిన బొమ్మ లేదు.

సోమవారం పొద్దున్నే మా ఆవిడ దారంతా నడిచి చూసింది. సెలూన్‌లో నేల తడిగా ఉంటే సెలూనాయన్ని కేకలేసి తుడిపించింది. అప్పుడు జిప్పు తీసింది.

అమ్మాయి బయల్దేరింది. దాని వెనకే ఊళ్లో సైకిళ్లన్నీ. గంట వినపడగానే సెలూనాయన కత్తి పైకెత్తేవాడు, టైలరమ్మ మిషను ఆపేది. మా అధికారి మాత్రం "ఏమిటీ గోల!" అని నా మీద విరుచుకుపడ్డాడు. కాగితం చూపించాను. తన సంతకం చూసుకుని కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. అప్పట్నుంచి ఆఫీసులో పనుండి ఎవరైనా సైకిల్ దిగితే, "దారిలో నిలబడతారేంటండీ, వెనకవాళ్లకి ఇబ్బంది కాదూ!" అని కసురుకునేవాడు.

నెల గడిచింది. ఒక్కరికీ చర్మం గీరుకోలేదు. "నాన్నా, బీరువా పక్కనుంచి వెళ్తుంటే ఎంత ధైర్యంగా ఉంటుందో" అంది అమ్మాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒకరోజు ఎవరి సంచో తగిలి మా అధికారి టీ ఫైళ్ల మీద ఒలికింది. ఆ కోపంలో ఆయన క్రేను పిలిపించి సెలూన్ ముందు కారునీ, టైలరమ్మ ముందు వ్యానునీ ఎత్తించాడు. తన కారు సెల్లార్లో పెట్టుకున్నాడు. తెల్లారేసరికి గీత రోడ్డు మీద తిన్నగా ఉండాలన్నాడు. నేను సంతోషించాలి కదా! కానీ రోడ్డు మీద ఖాళీ కనిపిస్తే ఇంకొకడు కారు ఆపడూ?

"సార్, మీకు దణ్ణం పెడతాను. మీ కారు అక్కడే పెట్టుకోండి" అన్నాను.

"బుద్ధుందా? అది సైకిల్ దారి! అక్కడ కారు పెట్టకూడదని తెలీదూ?"

ఏం చేస్తాను, తిన్నగా గీశాను. ఆఫీసు తలుపులు మూసేశారు. మర్నాడు రంగు ఆరిందో లేదో చూస్తూ డబ్బాతో నిలబడి ఉండగానే తెల్లకారు ఒకటి వచ్చి సరిగ్గా గీతలో ఆగింది. లైట్లు మిణుకుమిణుకుమంటుండగా దాని యజమాని దిగి, నా వైపు ఐదు వేళ్లు చూపించి చక్కా పోయాడు. అటు చివర మా అమ్మాయి గంట వినిపించింది. దాని వెనకే బస్సు.

డబ్బా పట్టుకునే బస్సు దారి మధ్యలోకి ఉరికాను. బస్సు నా ముక్కుకు బెత్తెడు దూరంలో ఆగింది. అమ్మాయి కారును చుట్టి, నన్ను దాటి, మళ్లీ గీతలోకి వెళ్లిపోయింది. దాని వెనక ఇంకా బోలెడు సైకిళ్లు వస్తున్నాయి.

"ఏంటి పెద్దాయనా, రోడ్డేమైనా నీదా? అడ్డంగా నిలబడ్డావ్!" అని డ్రైవరు కిటికీలోంచి అరిచాడు.

నేను ఐదు వేళ్లూ చూపించాను. "ఐదు నిమిషాలే నాయనా" అన్నాను.