గూనిబాతు తలుపు

అంగుళం మాస్టారు మనుషుల మాట నమ్మడు, టేపు మాట నమ్ముతాడు. ఏళ్ళ తరబడి చొక్కాలూ ప్యాంట్లూ కుట్టినవాడికి ఆ మాత్రం అనుమానం లేకపోతే కొట్టు మూసుకోవాల్సిందే. "నా నడుము ముప్పై రెండే మాస్టారూ, పెళ్ళినాటి నుంచీ అంతే" అంటూ పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడేవాళ్ళు రోజూ వస్తారు. టేపు ముప్పై ఎనిమిది అంటుంది. ఆయన వాదించడు, ముప్పై ఎనిమిదికే కుడతాడు. పాపం వాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు, మనిషికి తన ఒళ్ళు కూడా సరిగ్గా గుర్తుండదని ఆయన సిద్ధాంతం. అంగుళం కూడా అటూ ఇటూ జరగడు కాబట్టే వీధిలో ఆ పేరు పడింది.

కొట్టు కట్టేసి ఇంటికొచ్చాక ఆయన చేసేది బొమ్మ విమానాలు. ముక్కలన్నీ అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారే, అవి కాదు. అవి అతికించడం ఆయన లెక్కలో ఊడిన గుండీ కుట్టుకోవడంతో సమానం. చెక్క, ప్లాస్టిక్ రేకు, సూదులు, దారం తెచ్చుకుని మొదటి నుంచీ తానే చెయ్యాలి. ఈసారి పట్టుకున్నది ఒక పాతకాలపు నీటివిమానం. చక్రాల బదులు కింద రెండు డొల్ల పడవలు, పైనొకటి కిందొకటి రెక్కలు, వీపు మీద మూపురంలా ఇంజను. కంపెనీవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని చేసి చేతులెత్తేశారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. దాని దగ్గర పనిచేసినవాళ్ళు మాత్రం దాన్ని గూనిబాతు అనేవాళ్ళు.

ఆ పనిచేసినవాళ్ళలో మిగిలింది ఒక్కడే, మాస్టారి మామగారు. వయసులో ఉండగా సరస్సు ఒడ్డున ఆ బాతుల ఇంజన్లు బాగుచేసిన ఫిట్టరు. ఇప్పుడు కూతురింట్లోనే ఉంటున్నాడు. చూపు దాదాపు పోయింది. ఎండకీ నీడకీ తేడా తెలుస్తుంది, అంతే. కానీ నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇంట్లో ఎవరు ఖాళీగా దొరికినా ఆయన కథ ఒకటి వినక తప్పదు.

"ఇంజను చప్పుడు పైన ఎలా ఉంటుందో వినమని ఒకసారి నన్నూ ఎక్కించుకున్నారమ్మా. వెనకగదికి ఒక్క కిటికీ లేదు. ఎడమ పక్కన ఒకే ఒక్క తలుపు. బాతు నీళ్ళ మీద పరిగెడుతోంది. కుడి పక్కంతా నీళ్ళు, ఎడమ పక్కన గట్టు. తలుపు వారగా తీసి చూశాను కదా, గట్టు మీద మీ అమ్మ! ఎర్ర గొడుగు ఎత్తి ఊపుతోంది. మాకు పెళ్ళయి నెల కాలేదు."

వాళ్ళమ్మకి నీళ్ళంటే చచ్చేంత భయం. బక్కెట్టు నిండితే వెనక్కి జరిగే మనిషి సరస్సు గట్టు దాకా వెళ్ళిందంటే కూతురికి నమ్మబుద్ధి కాదు. తల్లి బతికున్నప్పుడు అడిగితే నవ్వేసేది, అవుననేది కాదు, కాదనేది కాదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. కూతురు ఊకొడుతుంది, వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

మాస్టారు ఈ పనికి దిగింది మామగారి కోసమే. కళ్ళు పోతే పోనీ, వేళ్ళున్నాయి కదా. ఆ వేళ్ళల్లో బాతుని పెట్టాలి, ఆయన తడిమి చూసి "ఇదేనయ్యా!" అనాలి. మాస్టారికి కావాల్సింది ఆ ఒక్క మాటే.

చిక్కల్లా ఎక్కడంటే, ప్రపంచం మొత్తానికి ఆ విమానం ఫొటో ఒక్కటే దొరికింది, పాత పత్రికలో అచ్చయింది. అదీ ఒక పక్క నుంచి తీసింది. తోక మీద అంకెలుండాల్సిన చోట కాగితం చిరిగిపోయింది. పడవ మీద ఎవరో మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని, మనకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ మనిషే మాస్టారికి కొలబద్ద అయ్యాడు. అతని తలనించి కాలిదాకా కొలిచి, మనిషికి అయిదున్నర అడుగులు వేసుకుని, దాన్నిబట్టి రెక్క ఎంత, పడవ ఎంత అని లెక్క తేల్చాడు.

"తలుపు ఎడమ పక్క అల్లుడూ, మరిచిపోకు," అన్నాడు మామగారు.

"ఫొటోలో కుడి పక్కనుంది మామయ్యా."

"నేను ఎక్కి కూర్చున్నానయ్యా బాబూ!"

"మీరు ఎక్కారు, కాదనను. ఫొటోకి మతిమరుపు రాదు కదా."

"ఈయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు నాన్నా, ఊరుకో," అంది కూతురు.

పని మాత్రం ముచ్చటగా చేశాడు. ముందు కాగితం మీద కత్తిరింపులు, ఆ తర్వాతే కత్తి. రెక్కలకి లైనింగు గుడ్డ కప్పి వార్నిష్ పూశాడు. రెక్కల మధ్య నిలువు కమ్మీలకి సూదులు, తీగలకి మైనం పట్టించిన నల్లదారం. కుడి పక్కన చిన్న తలుపు, దానికి పిడి, తెరవడానికి మడతబందు. ఎడమ పక్క నున్నగా వదిలేశాడు.

సెలవునాటి మధ్యాహ్నం దాన్ని తెచ్చి మామగారి ఒళ్ళో పెట్టాడు. ముసలాయన వేళ్ళు పడవల మీద పాకాయి, దారాల్ని మీటాయి. "గూని! గూని ఉందమ్మోయ్!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. వేళ్ళు ఎడమ పక్కకి వెళ్ళాయి. నున్నటి చెక్క తగిలింది. మళ్ళీ వెతికాయి. తర్వాత కుడి పక్కకి వెళ్ళి, తలుపు పిడి దగ్గర ఆగిపోయాయి.

"బాగుంది అల్లుడూ," అన్నాడు. "కుడివైపేనేమో లే. నాకే గుర్తులేదు."

అంతటితో ఆ నోరు మూతపడింది. కథ లేదు, బాతు మాట లేదు. పిలిస్తే పలుకుతాడు, పెడితే తింటాడు. ఒకరోజు కూతుర్ని పిలిచి, "తలుపు కుడివైపుంటే నాకు గట్టు కనపడదు కదమ్మా. మరి మీ అమ్మని ఎక్కడ చూశాను?" అని అడిగాడు. ఆమె వంటింట్లోకొచ్చి మొగుడి మీద విరుచుకుపడింది.

"ఆయనకి మిగిలింది ఆ ఒక్క ముచ్చటే కదండీ! అదీ కత్తిరించి పారేశారు!"

"అయితే అబద్ధం కుట్టి ఇమ్మంటావా?" అన్నాడు మాస్టారు. అన్నాడే గానీ మనసు మనసులో లేదు. ముసలాయన మొహం చూసినప్పుడల్లా చెయ్యరాని పనేదో చేసినట్టు బాధగా ఉంది.

ఆ బాధలోనే కొట్టులో ఎన్నడూ జరగని ఘోరం జరిగింది. బస్సు కండక్టరు కొత్త చొక్కా తొడుక్కునే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చూడండి మాస్టారూ మీ నిర్వాకం! చిల్లర తీద్దామని జేబులో చెయ్యి పెడితే వట్టి గుడ్డ తగిలింది. బస్సులో జనమంతా ఒకటే నవ్వు!"

జేబు కుడి రొమ్ము మీద ఉంది. మాస్టారు సిగ్గుతో చచ్చిపోయాడు. విప్పి ఇమ్మని చెయ్యి చాపి, చాపినవాడు అలాగే ఆగాడు. నడుం మీద చేతులు, కుడి రొమ్ము మీద జేబు. ఈ అవతారాన్ని ఎక్కడో చూశాడు.

పట్టపగలే కొట్టు కట్టేసి ఇంటికి పరిగెత్తాడు. ఫొటో మీద భూతద్దం పెట్టాడు. పడవ మీది మనిషికి జేబు కుడి పక్కన ఉంది. గుండీల పట్టీ కూడా ఆడవాళ్ళ జాకెట్టుకి మల్లే అటుది ఇటు పడింది. అచ్చువాడెవడో ఫొటోని అద్దంలో బొమ్మలా ఎడమ కుడయ్యేట్టు తిరగేసి అచ్చేశాడు! ఆ మనిషిని తలనించి కాలిదాకా ఎన్నిసార్లు కొలిచాడో లెక్కలేదు. చొక్కాలు కుట్టి బతికేవాడు ఒక్కసారైనా ఆ చొక్కా చూడలేదు. మాస్టారు తన నెత్తిన తానే ఒక్కటి మొట్టుకున్నాడు.

కుడి తలుపు పీకి పూడ్చాడు. ఎడమ పక్కన కోసి, పిడీ బందూ అక్కడ బిగించాడు. రంగు ఆరగానే తీసుకెళ్ళి మామగారి చేతిలో పెట్టాడు.

ముసలాయన వేళ్ళకి తలుపు తగిలింది. మొహం వెలగలేదు సరికదా, నొచ్చుకున్నట్టు ముడుచుకుంది.

"ఎందుకయ్యా ఈ పని? ముసలాడు ఏడుస్తున్నాడని బంగారంలాంటి బొమ్మని పాడుచేశావా? జాలిపడి ఇస్తే నాకొద్దు."

ఇంతకాలం తన మాట నమ్మనివాణ్ణి ఆయన మాత్రం ఎందుకు నమ్మాలి?

"మామయ్యా, మీ చొక్కా జేబు మీద చెయ్యి పెట్టండి."

"ఇదేం విడ్డూరం!" అంటూనే ఆయన చెయ్యి ఎడమ రొమ్ము మీదికి వెళ్ళింది.

"ఫొటోలో మనిషికి అది కుడి పక్కనుంది. గుండీల పట్టీ కూడా తిరగబడే ఉంది. జేబు అటుపక్కనున్న మగవాడి చొక్కా నా చేతుల మీదుగా ఒక్కటే వెళ్ళింది, అది నేను తప్పు కుట్టింది. ఫొటోనే తిరగేసి అచ్చేశారు మామయ్యా. మీరు చెప్పిందే నిజం. గుడ్డివాణ్ణి నేను."

ముసలాయన చెయ్యి జేబు మీదనే ఉండిపోయింది. రెండో చేత్తో బొమ్మ తలుపు వారగా తీశాడు, మూశాడు, మళ్ళీ తీశాడు. కూతురు గుమ్మంలోకొచ్చి నిలబడిందని అడుగుల చప్పుడుని బట్టి గ్రహించి, అటు తిరిగాడు.

"అయితే మీ అమ్మ వచ్చిందమ్మా," అన్నాడు.

"వచ్చింది నాన్నా," అంది కూతురు.