స్టార్టర్ పెట్టెలో బల్లి

హిందూపురంలో వీరభద్రయ్య సావుకారు నూనె మిల్లుకు కరెంటు వచ్చి ఏడాది నిండలేదు, అప్పుడే పదకొండుసార్లు నిలిచిపోయింది. 1962 నాటి మాట. మిల్లు నిలిచినప్పుడల్లా అందరూ ముందు చూసేది మోటారు వైపు కాదు, వైర్‌మాన్ గంగాధరప్ప వైపు.

పన్నెండోసారి అతను మెయిన్ ఆపి, గోడకున్న స్టార్టర్ పెట్టె తెరిచాడు. లోపల ఒక బల్లి అడ్డంగా మాడిపోయి ఉంది. దాని చుట్టూ వేలెడు మందాన వేరుశనగ పొట్టు, ధూళి.

"యాడనుంచి దూరిందప్పా ఇది?" అన్నాడు సావుకారు.

"ఈడనుంచే." గంగాధరప్ప పెట్టె పక్కవైపున కేబులు లోపలికి వెళ్ళే బొక్క చూపించాడు. కేబులు బొటనవేలంత లావు. బొక్క రూపాయి బిళ్ళకంటే పెద్దది.

"అయితే మూసెయ్. దానికింత ఆలోచన దేనికి?"

గంగాధరప్పకూ అది తేలిక పనే అనిపించింది. పాత గుడ్డ చుట్టి కుక్కాడు. నాలుగు రోజుల్లో ఎలుకలు దాన్ని గూటికి లాక్కుపోయాయి. బంకమట్టి మెత్తాడు. మిల్లు అదురుకు ఎండిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. మైనం పోస్తే, ఎండలకు కరిగి బొట్లు బొట్లుగా కారింది. గింజలు ఏరే హనుమమ్మ చేట పక్కన పెట్టి, "ఏమన్నా, నీ పెట్టె ఏడుస్తాండాదే" అంది. పక్కనున్న ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా నవ్వుతూనే ఉన్నారు.

చివరికి కంసాలి దగ్గర లక్క తెచ్చి కరిగించి పోశాడు. అది గట్టిగానే పట్టింది. కానీ ఆగస్టులో వాన పడేసరికి, బయటినుంచి వచ్చే కేబులు వెంబడే నీళ్ళు జారి, లక్కలో పడిన సన్నటి పగులు గుండా లోపలికి దిగాయి. పెట్టెలో చిటపటమని మెరిసి మిల్లు మళ్ళీ నిలిచింది.

సావుకారు అరవలేదు. "నీతో కాకపోతే చెప్పప్పా, బెంగుళూరునుంచి ఎవురినన్నా పిలిపిస్తా" అన్నాడు మెల్లగా. అరిచి ఉంటే గంగాధరప్పకు ఇంత బాధ ఉండేది కాదు.

ఇంట్లో అతను చెప్పిన సంగతి విని భార్య గౌరి, "మా అన్నను అడగరాదా? రైలింజన్లలో ఆవిరినే పట్టి ఉంచేటోళ్ళు. బల్లి ఒక లెక్కనా?" అంది.

గౌరి అన్న మార్కండేయులు, మగ్గం వదిలి ధర్మవరం రైలు ఇంజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేరినవాడు. గౌరి బిడ్డకు పేరు పెట్టిన రోజు, పదిమందిలో, "కరెంటు పని ఏముందిలే, రెండు తీగలు మెలేసేదే కదా" అన్నాడు. అప్పటినుంచి గంగాధరప్ప ధర్మవరం గడప తొక్కలేదు. గౌరే బిడ్డను ఎత్తుకుని పోయి వచ్చేది.

రెండు రోజులు బిగదీసుకుని కూర్చున్నాడు. మూడోరోజు జానెడు కేబులు ముక్క జేబులో పెట్టుకుని ధర్మవరం రైలెక్కాడు. ఏమని మొదలుపెట్టాలో దారిపొడుగునా కూడబలుక్కున్నాడు. పెనుకొండ కొండ కనిపించినప్పుడు బాగుందనుకున్న మాట, కొండ వెనకబడేసరికి నచ్చలేదు.

మార్కండేయులు ఇంజన్ కిందనుంచి తల బయటపెట్టి, బావను చూసి కంగారుగా లేచాడు.

"ఏం బావా, గౌరి బాగుండాదా?"

"బాగుండాది. నాకే బాగలేదు."

గంగాధరప్ప ఉన్నదున్నట్టు చెప్పాడు. నవ్వుతాడనుకున్నాడు గాని మార్కండేయులు నవ్వలేదు. చేతులు తుడుచుకుని, ఇంజన్ సిలిండరులోకి పోయే నున్నటి ఉక్కు కడ్డీ దగ్గరికి తీసుకుపోయాడు.

"ఈ కడ్డీ లోపలికీ బయటికీ ఆడతా ఉంటాది. లోపలంతా ఆవిరి. మరి బయటికి యాల రాదు? సూడు, కడ్డీ చుట్టూ జిడ్డు పట్టించిన తాడు. దాని మీద ఈ గిన్నె. బోల్టులు బిగిస్తే గిన్నె తాడును నలుపుతాది, తాడు కడ్డీని కరుచుకుంటాది. దీన్నే గ్లాండు అంటారు. నువ్వు బొక్కలో కుక్కుతాండావు బావా. కుక్కితే నిలవదు, నొక్కితే నిలుస్తాది."

ఇనుపరేకు మీద సుద్దతో బొమ్మ గీశాడు. గంగాధరప్ప చాలాసేపు చూశాడు.

"తాడు పనికిరాదు బావా. ఎలుకలు కొరుకుతాయి, జిడ్డుకు పొట్టు అంటుకుంటాది. రబ్బరు ఉంగరం వేస్తా. నా కేబులు ఆడేది కాదు కదా."

మార్కండేయులు కాసేపు తల గోక్కున్నాడు. "నిజమే. కరెంటు సంగతి నీకు తెలిసినంత నాకేం తెలుసు" అని, బొమ్మలో తాడు చెరిపేశాడు. మామూలుగానే అన్నాడు. గంగాధరప్ప మాత్రం కొంచెంసేపు బొగ్గు కుప్ప వైపు చూస్తూ నిలబడవలసి వచ్చింది. ఆ పూట బావ ఇంట్లోనే భోంచేశాడు.

హిందూపురంలో లేతు మిషను మీద లోహం చెక్కే గోవిందరాజులు ఇత్తడిలో ఆ బొమ్మను దించాడు. మొదటిదానికి మరచుట్టు వదులైంది. రెండోది కుదిరింది. మరచుట్టు ఉన్న గొట్టాన్ని బొక్కలో దూర్చి, పెట్టె లోపలివైపునుంచి ఒక నట్టు బిగించారు. కేబులు చుట్టూ రబ్బరు ఉంగరం తొడిగి, గొట్టం మీద టోపీలాంటి మూత తిప్పారు. తిప్పేకొద్దీ రబ్బరు ఉబ్బి కేబులును పట్టేసుకుంది. సావుకారు వచ్చి కేబులును తానే గుంజి చూశాడు. కదల్లేదు.

అక్టోబరులో మూడు రోజులు వదలకుండా వాన కురిసింది. మిల్లు ఆగలేదు. నాలుగోరోజు పెట్టె తెరిస్తే, లోపల అగ్గిపుల్ల గీస్తే వెలిగేటంత పొడిగా ఉంది. ఈ సంగతి తెలిసి పక్క మిల్లువాళ్ళు అలాంటివే రెండు అడిగారు. ఆ తర్వాత గోవిందరాజులు ఎవరూ అడగకముందే చేసిపెట్టడం మొదలుపెట్టాడు.

సెలవు దొరికినప్పుడు మార్కండేయులు హిందూపురం వచ్చాడు. చెల్లెలి ఇంటికన్నా ముందు మిల్లుకే వెళ్ళి, తను తెచ్చుకున్న స్పానరుతో గ్లాండును అరచుట్టు బిగించబోయాడు.

"చాలు బావా, ఇంకా బిగిస్తే కేబులు నలుగుతాది" అని గంగాధరప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"నలగదు. ఇంజన్లకు ఇంతకు రెట్టింపు బిగిస్తాం."

"ఇది ఇంజను కాదు కదప్పా."

హనుమమ్మ గింజలు ఏరడం ఆపి ఇద్దరినీ చూసింది. స్పానరు ఒకరి చేతిలోనుంచి ఇంకొకరి చేతిలోకి మారుతోంది. మిల్లు చప్పుడులో వాళ్ళ మాటలు ఎవరికీ వినపడలేదు.