సరంగు వాటా

సీఈఓ విష్ణువర్ధన్ అయిదు నెలలు ఆఫీసు ముఖం చూడలేదు. ఆ అయిదు నెలల్లో రేపల్లె ఐసు ఫ్యాక్టరీ ఒక్క పూటయినా ఆగలేదు, బాపట్ల నుంచి చేపల లారీ ఒక్కటీ ఆలస్యంగా కదలలేదు. ఏడాది చివర వచ్చిన లాభం మాత్రం సీఈఓగారి దూరదృష్టి ఫలితమేనని తెనాలి ఆఫీసులో నివేదిక తయారైంది.

భువనేశ్వరి ఆ నివేదికను పూర్తిగా చదివి పక్కన పెట్టింది. కాలేజీలో అర్థశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. కారణానికీ కాకతాళీయానికీ తేడా తెలియనివాళ్లను ఆమె ఎన్నడూ క్షమించలేదు. భర్త స్థాపించిన ఆ చేపల కంపెనీకి ఇప్పుడు ముగ్గురు డైరెక్టర్లు, వారిలో ఆమె ఒకరు. విష్ణువర్ధన్‌ను పెంచిన జీతంతో కొనసాగించాలా, ఆయన కోరినట్టు రేపల్లె ఫ్యాక్టరీని మూసేసి ఐసు బయట కొనాలా అన్నది మర్నాటి సమావేశంలో తేలాలి. మూస్తే అక్కడ పనిచేసే కుటుంబాలన్నీ వీధిన పడతాయి. ఆమె ఉద్దేశం మనిషిని మార్చడం కాదు, ఆ పదవినే ఎత్తెయ్యడం.

అందుకు యలమంద ఓటు కావాలి. ఏళ్ల తరబడి బోటు నడిపిన సరంగు ఆయన. బోటువాళ్ల తరఫున డైరెక్టరయ్యాడు. సూర్యలంక తీరంలో ఆరేసిన వల పక్కన కూర్చుని, తనను వెతుక్కుంటూ వచ్చిన ఆమె చెప్పిందంతా విన్నాడు.

"పదవి తీసెయ్యడానికి నేనొప్పుకోను చెల్లెమ్మా."

"ఆయన లేనప్పుడు కంపెనీ నడవలేదా అన్నయ్యగారూ?"

"నడిచింది. గాలి లేని రోజున సరంగు నిద్రపోయినా బోటు నడుస్తది."

"మీరు సరంగు కాబట్టి సరంగు కావాలంటున్నారు."

"నువ్వు మేష్టరమ్మవి కాబట్టి నాకు మార్కులేస్తున్నావు," అని ఆయన నవ్వాడు. "నేను సరంగు కింద కళాసీగా వల లాగే రోజుల్లో, ఆయనకి జ్వరమొస్తే ఆయన లేకుండానే వేటకెళ్లాం. అందరికీ పనొచ్చు. గాలి తిరిగేసరికి వల కోసేద్దామని ఇద్దరు, లాగుదామని ఇద్దరు. తేల్చుకునేలోపు వలా పోయింది, చేపా పోయింది."

భువనేశ్వరికి ఒళ్లు మండింది. ఆ మాటలో తప్పు దొరక్కపోవడమే అందుకు కారణం.

"సరే. సరంగుకి వాటా ఎంత?"

"కళాసీకి ఒకటైతే ఆయనకి రెండు."

"బోటు ఖాళీగా వస్తే?"

"ఖాళీకి రెండింతలు కూడా ఖాళీయేగా."

"మునిగితే?"

"ఏంటమ్మా ఆ ప్రశ్న? ఆయనా అందులోనే ఉంటాడుగా."

ఆమె తెనాలి తిరిగివచ్చి తన ప్రతిపాదన మళ్లీ రాసింది.

సమావేశంలో ఆమె తన ప్రతిపాదన చదివింది. పదవి ఉంటుంది. సీఈఓ కూర్చునేది రేపల్లె ఫ్యాక్టరీలో. ప్రతిఫలం సరంగు వాటా పద్ధతిలో: లాభముంటే కార్మికుడికి వచ్చేదానికి రెండింతలు, లేకుంటే లేదు. ఫ్యాక్టరీ మూయాలని ఆయన నిర్ణయిస్తే మొదట పోయేది ఆయన ఉద్యోగమే.

విష్ణువర్ధన్ మర్యాదగా నవ్వాడు. "ప్రపంచంలో ఏ సీఈఓ దీనికి ఒప్పుకోడు మేడం."

"నేను ప్రపంచాన్ని అడగలేదండీ. మిమ్మల్ని అడిగాను."

యలమంద చెయ్యెత్తి ఓటు వేశాడు. "ఒప్పుకోకపోతే దిగిపోండి సార్. ఒడ్డు దగ్గర్లోనే ఉంది."

విష్ణువర్ధన్ దిగిపోయాడు. మూడో డైరెక్టరు రామకృష్ణ, తెనాలి ఆడిటరు, కళ్లజోడు తుడుచుకుంటూ, "అయితే ఆ కుర్చీలో ఎవరండీ?" అన్నాడు. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న కుర్చీ మరికొన్నాళ్లు అలాగే ఉంటే వచ్చే నష్టమేమిటని భువనేశ్వరి అనుకుంది.

ఆ వారంలోనే ఒక ఉదయం రేపల్లె నుంచి సూపర్వైజరు పద్మజ ఫోను చేసింది.

"మేడం, అమ్మోనియా వాసనొస్తోంది. పైపు ఎక్కడో లీకవుతోందండి. మిషను ఆపితే బాపట్ల లారీలకి ఐసుండదు, చేపంతా పాడైపోద్ది. రామకృష్ణగారు మిమ్మల్నడగమన్నారు. యలమందగారు మీరెలా అంటే అలాగే అన్నారు. ఆపమంటారా, నడపమంటారా?"

వల కొయ్యాలా, లాగాలా. తాను ఎత్తెయ్యాలనుకున్న పదవి ఎంతటిదో భువనేశ్వరికి అప్పుడు తెలిసింది: ఒక ప్రశ్నంత.

"ఆపు. అందర్నీ బయటికి పంపు, నువ్వూ రా."

"చేప పోతే ఎవరు జవాబు చెప్పుకోవాలండి?"

"నేను."

ఆమె చేతిసంచీ తీసుకుని రేపల్లె బస్సెక్కింది. వేమూరు దాటుతుండగా యలమంద ఫోను చేశాడు.

"సరంగు బయల్దేరిందంటగా చెల్లెమ్మా. మరి వాటా ఎంత?"

"ఇవాళ బోటు ఖాళీయే అన్నయ్యగారూ," అంది భువనేశ్వరి.