సొరబుర్రలో చప్పుడు

గలగల… గలగల…

ఎండిన సొరబుర్రలో చిక్కుడు గింజల చప్పుడు. వీధి దీపాలు వెలిగే వేళకు, మూడో అంతస్తులోని ఆ ఇరుకింట్లో రోజూ వినిపించేది అదే.

పక్కింటివాళ్ళకు టీవీ ఉంది. ఎదురింటివాళ్ళకు పసిపిల్ల ఏడుపు ఉంది. ఈ ముసలాయనకు సొరబుర్ర ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. ఉన్నాయి… ఇంకా ఉన్నాయి. ఆ తర్వాతే కంచం ముందు కూర్చుంటాడు.

పొలం పోయింది. పొలం మీదుగా పెద్ద రోడ్డు పోయింది. ఆ రోడ్డు మీద ఎవరెవరో ఎక్కడెక్కడికో పోతూనే ఉన్నారు. ఆయన మాత్రం కూతురింటికి వచ్చాడు. వెంట తెచ్చుకున్నది ఆ బుర్ర ఒక్కటే.

నల్లటి గింజ. నెత్తిన తెల్లటి చార. వాళ్ళమ్మ దాచిన విత్తనం. వాళ్ళమ్మకు వాళ్ళత్త ఒడిలో పోసిన విత్తనం. అలాంటిది ఇప్పుడు ఏ కొట్లోనూ లేదు, తిరిగి తిరిగి కూతురి కాళ్ళరిగాయి.

బాల్కనీలో, బకెట్లో పెట్టి చూశాడు. ఎదుటి మేడ ఎండనంతా మింగేసింది. తీగ పాలిపోయి పాకింది, పూత చూడకుండానే వాలిపోయింది.

గింజకు మట్టి కావాలి. మట్టికి దూరమైతే ఎప్పుడో ఒకరోజు లోపల్లోపలే చచ్చిపోతుంది. పైకి ఏమీ తెలియదు. చూస్తే అలాగే ఉంటుంది. ఊపితే అలాగే మోగుతుంది.

అదీ ఆయన భయం.

*

కూతురు బడిలో లెక్కల టీచరు. ఆ ఏడు బడిలో కొత్త క్లాసు పెట్టారు. తిండి, సాగు, సంస్కృతి. శనివారం మధ్యాహ్నం, పిల్లలకు కునుకు ముంచుకొచ్చే వేళ.

"మీరు రైతుబిడ్డ కదండీ, మీకు తెలియనిదేముంది!" అంది పెద్దమేడం.

ఏముందా? అంతా తెలియనిదే! గట్టు దిగబోతే చాలు, నాన్న కేకలేసేవాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పోయి చదువుకో!" చదువుకుంది. బురదంటని కాళ్ళతో పెరిగి పెద్దదయింది. ఆమెకు మట్టి గురించి తెలిసింది పుస్తకంలో ఉన్నంతే.

మొదటి రోజు అడిగింది. చిక్కుడుకాయలు ఎక్కడినుంచి వస్తాయి?

ఫ్రిజ్‌లోంచి.

సంచిలోంచి.

బండి మీద అన్న తెస్తాడు, బెల్లు కొడతాడు.

"మా అమ్మ మా నాన్నని తిడితే వస్తాయి టీచర్!"

నవ్వింది. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. నాన్న నవ్వలేదు. బుర్ర తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"అన్నీ వద్దు నాన్నా. కొన్ని ఉంచుకో."

"ఉంచుకుని ఏం చేస్తానమ్మా? దాచిన గింజ దాచినచోటే చస్తుంది. నేల ఒక్కసారి తడిపి, ఆ చెమ్మ పదునులో పెట్టించు. మొలక తల ఎత్తేదాకా చుక్క నీళ్ళు పోయనివ్వకు. కుళ్ళిపోతాయి."

*

బడి వెనక, గోడ పక్కన, బల్లలు విరిగితే పడేసే చోటు. బల్లలు తీసి తవ్వించింది. మా నాన్న దాచిన గింజలని చెప్పి పంచింది, పిల్లకొక గింజ. గింజకొక గుంట.

క్లాసంతా డౌటమ్మ అని పిలిచే పిల్ల ఒకతి ఉంది. పిడికిలి మూసుకుని నిలబడింది.

"టీచర్, లోపల చీకటి కదా? దానికి భయం వెయ్యదా?"

"వెయ్యదమ్మా. పెట్టు."

పిల్ల వంగింది. మట్టి కప్పింది. లేచి చేతులు దులుపుకుంది.

మొలక కనబడేదాకా నీళ్ళు పోయకూడదు — బోర్డు మీద రాసింది. అందరిచేతా చెప్పించింది. పిల్లలు రాగం తీసి మరీ అప్పజెప్పారు.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

గంట కొట్టడానికి ఇంకా సమయముంది. సంస్కృతి కూడా చెప్పాలి కదా అనుకుంది. తన చిన్నప్పటి కథ చెప్పింది. కరువొచ్చిన ఏడు… బావి అడుగు కనబడిన ఏడు… తాగడానికి ఉంచుకున్న ముంతెడు నీళ్ళు నాన్న చిక్కుడు పాదుకు పోసేసిన కథ. నాలుక పిడచకట్టుకుపోతున్నా ముందు పాదుకే పోసిన కథ.

క్లాసులో ఒక్కరూ కునుకు తీయలేదు. వెనక బెంచీ అల్లరి మూక కూడా నోరు తెరుచుకుని విన్నది.

నియమం పలక మీది రాత. తడి గుడ్డ పెడితే పోతుంది. కథ అలా పోదు.

*

రోజూ సాయంత్రం నాన్న అడిగేవాడు. "తల ఎత్తాయా?"

"ఇంకా లేదు నాన్నా."

"చిక్కుడు ఇంత బద్ధకం చెయ్యదే…"

పొద్దున్నే వెళ్ళి చూసేది. మన్ను తడిగా ఉండేది. పదును నిలిచిందని మురిసిపోయేది పిచ్చిది! మట్టి తెలిసినవాళ్ళయితే ఆ వాసనకే గుండెలు బాదుకునేవాళ్ళు.

గింజలు పెట్టిన రెండు వారాలకు వేలుతో తవ్వి చూసింది. వేలికి మెత్తగా తగిలింది. ఇంకో గుంట. మెత్తగా… ఇంకోటి. నల్లటి తొక్క, లోపల బంక, ముక్కు పగిలే కంపు.

"నేను రోజూ పోశాను టీచర్!" అన్నాడు ఒకడు, ఛాతీ విరుచుకుని. "సీసాలో నీళ్ళు ఒక్క చుక్క తాగలేదు. అన్నీ దానికే!"

"నేను కూడా టీచర్!"

"నేను వాడికంటే ఎక్కువ పోశాను!"

ఇంటి గంట కొట్టగానే, ఆమె బస్సు కోసం పరుగెత్తే వేళకు, అందరూ కలిసి… పెదవులు ఎండి పొలుసులు లేచిన పిల్లలు. మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్న పిల్లలు.

ఏమని తిడుతుంది? ఏ నోటితో తిడుతుంది?

స్టాఫ్‌రూమ్‌లో ఎవరో అన్నారు. "నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. పోశారు మరి!" అందరూ పగలబడి నవ్వారు. పెద్దమేడం మాత్రం మంచిగానే మాట్లాడింది. "పోన్లెండి, వచ్చే వారం నుంచి బొమ్మలు వేయించండి. మట్టి పని మనవల్ల కాదు."

విరిగిన బల్లలు మళ్ళీ ఆ గోడ పక్కకే చేరాయి.

*

ఇంట్లో దాచలేకపోయింది. చెప్పింది. మొత్తం చెప్పింది.

ఆయన విన్నాడు.

"తాగకుండా పోశారా?"

"ఊఁ."

"ఇంత ఎండల్లోనా?"

"ఊఁ."

"పిల్లల్ని ఏమీ అనకు."

ఖాళీ బుర్రను చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ కరువేడు నీళ్ళు పోసిన మాట నిజమేనమ్మా. కానీ ఆ పాదు బతకలేదు. అది కూడా చచ్చిపోయింది. చిన్నపిల్లవి కదాని నీకు ఆ ముక్క చెప్పలేదు."

గింజలు బడికి పోయిన రోజు నుంచి సొరబుర్ర మోగలేదు. ఇక మోగదు. ఖాళీ బుర్రను కిటికీ మీద పెట్టి, అటు వీపు తిప్పుకుని తినడం నేర్చుకున్నాడు. తినడమేమిటిలే, కెలకడం.

*

బొమ్మల క్లాసులో అందరూ చిక్కుడు తీగ గీశారు. ఎంత పచ్చగా గీశారో! కాయలు అరచేతంత. ఒక్కడు తీగకు పైపు కూడా తగిలించాడు.

డౌటమ్మ గీయలేదు. బల్ల దగ్గరికొచ్చి, పెన్సిల్ డబ్బా తెరిచింది.

అందులో గింజ. ఎర్రటి గింజ. వాళ్ళమ్మ గోళ్ళ రంగు మందంగా పట్టించి, దాని మీద తెల్లగా రెండు కళ్ళు.

"ఆ రోజు నేను పెట్టలేదు టీచర్. ఉత్త మట్టే కప్పాను. పాపం, చీకటి కదా… చలి కూడా వేస్తుందని రంగు వేశాను."

ఆమెకు ఏడుపొచ్చింది. అక్కడే, పిల్లల ముందే ఏడ్చింది.

"మీ నాన్నగారికి ఇచ్చెయ్యండి. చీకట్లో మాత్రం పెట్టొద్దని చెప్పండి."

"పెట్టరమ్మా."

*

నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. రెండు తెల్ల కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. గోటితో మెల్లగా గీకాడు. రంగుతో పాటు తొక్క కూడా లేచొస్తోంది. ఆపేశాడు.

"దీనికి ఊపిరాడదే…"

"రేపు పెడదామా నాన్నా? బల్లలు నేనే జరుపుతాను. ఈసారి ఎవరికీ చెప్పను."

ఆయన కిటికీ మీది బుర్రను అందుకున్నాడు. గింజను లోపల వేశాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

టక్.

ఆయన ముఖంలోకి చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది. కంచం పెట్టింది. నీళ్ళు పెట్టింది. దాచిన గింజ గురించి ఆయనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"తిను నాన్నా, చల్లారిపోతోంది."

వీధి దీపాలు వెలిగాయి. పక్కింట్లో టీవీ. ఎదురింట్లో పసిపిల్ల ఏడుపు.

ఆయన ఇంకోసారి ఊపాడు.

టక్…

టక్…