బల్ల మీద బదిలీ

ఒకరి జ్వరం ఇంకొకరికి వరం. ఇది సామెత కాదు, గోదావరిఖనిలో ఒక ఇసుక కాంట్రాక్టరు ఆఫీసు వరండాలో ఎల్లేశం బతుకు.

ఎల్లేశం బదిలీ గుమాస్తా. ఊరి నుంచి ఊరికి మార్చే బదిలీ కాదు. బొగ్గుబావుల దగ్గర బదిలీ అంటే, పర్మినెంటువాడు నాగా పెట్టిన రోజున వాడి బదులు పనిచేసేవాడు. పొద్దున రెండో సైరన్ మోగేదాకా వరండాలో బల్ల మీద కాచుకోవాలి. లోపల ఏ కుర్చీ అయినా ఖాళీగా కనబడితే హెడ్‌గుమాస్తా లింగమూర్తి గుమ్మంలోకి వచ్చి చూపుడువేలు వంచుతాడు. పేరు పిలవడు. వేలు వంగితే బువ్వ, వంగకపోతే ఇంటిదోవ. అదే వరండా గోడ మీద ఒక బల్లి ఉండేది. బల్ల మీద బదిలీదీ, గోడ మీద బల్లిదీ ఒకటే కొలువు, కదలకుండా కాచుకోవడం. బల్లికి మాత్రం రోజూ పని దొరికేది.

ఒకప్పుడు ఆ బల్ల మీద చోటు కోసం కొట్లాడుకునేవారు. బొగ్గు తీసిన చోట గోదారి ఇసుక నింపకపోతే గని కప్పు కూలుతుంది గనక కాంట్రాక్టరుకు చేతినిండా పని. గనిలో ఖాళీ అయితే ఇసుక, ఆఫీసులో ఖాళీ అయితే బదిలీ. పంతొమ్మిది వందల డెబ్బయ్ దాటాక పెద్ద కాంట్రాక్టర్లు వచ్చిపడి, ఈ ఇసుక కాంట్రాక్టు ఇసుమంత అయింది. బదిలీల్లో ఒకడు మందమర్రిలో సోడాలు అమ్మబోయాడు. ఇంకొకడు గోదారి అవతల జైపూర్‌లో నాగలి పట్టాడు. బల్ల మొత్తం ఎల్లేశానిదే. కావలిస్తే పడుకోవచ్చు.

ఆపైన పట్నం నుంచి కొత్త మేనేజరు దిగాడు. రేకుల షెడ్డు పోయి సిమెంటు గది, గదికి పంఖా వచ్చాయి. చాయ్‌కి బయటికి పోవడం బంద్. గుమాస్తాల బల్లలన్నీ బడిపిల్లల్లా మేనేజరు మొహంవైపు తిరిగాయి. టైపు మిషనొకటి వచ్చింది. ఉన్న ఇద్దరు గుమాస్తాలు జ్ఞానయ్య, బుచ్చన్న దానికి దండం పెట్టి దూరం జరిగారు. పంఖా కింద కూర్చునేవాడికి రోగమెక్కడిది? నాగా పెట్టేవాడే లేడు.

ఇంట్లో సారవ్వ తేల్చేసింది. "ఎవలో మంచాన పడితె నువ్వు లేస్తవ్. గిదేం నౌకరయ్యా? ఈ దసర లోపల కుర్సీ పక్కా గాకుంటె, జైపూర్ల మా అన్న కాడికి కూలికి పోదాం పా."

ఎల్లేశం తన వేళ్లు చూసుకున్నాడు. భార్య కడియాలు అమ్మి టైపు నేర్చినవాడు. ఆ వేళ్లతో కలుపు తీయాలా?

సంగతి విన్న జ్ఞానయ్య ఆ సాయంత్రం తన ఇంటి అరుగు మీద మెల్లగా అన్నాడు. "ఎల్లేశం, నా సిక్కు లీవులన్నీ అట్లనే పడున్నయి. రేపటి సంది నాకు నడుం నొప్పి."

"ఎప్పటి సంది కాకా?"

"రేపటి సంది అంటున్నగద! నెల దాక లేవ. నువ్వు గా మిషను మీద నీ చెయ్యి సూపెట్టు. నీ పని సూసినంక మేనేజరు నిన్ను ఇడిశిపెడ్తడా?"

లోపలి నుంచి ఆయన భార్య సుసన్నా కేకేసింది. "అబద్దపు నొప్పికి నిజం తైలం రుద్దాల్నా?"

అలా జ్ఞానయ్య సిక్కు పెట్టాడు. పెట్టింది సిక్కే గాని పడింది చిక్కులోనని అప్పుడు తెలియదు.

ఎల్లేశం మిషను ముందు కూర్చుంటే జాతరలో డప్పు మోగినట్టే. జ్ఞానయ్య పొద్దుగూకేదాకా రాసే ఉత్తరాలు ఎండ నడినెత్తికి రాకముందే అయిపోయేవి. అది చాలక పక్క బల్లకు చెయ్యి చాచాడు.

"బుచ్చన్నా, నీయి గూడ ఇటియ్యి, కొట్టిపడేస్త."

"కొట్టు కొట్టు," అన్నాడు బుచ్చన్న. "ఎవల నెత్తి మీద కొడ్తున్నవో సూస్కో."

నెల తిరిగేసరికి జ్ఞానయ్య కుర్చీని ఎవరో ఎత్తుకుపోతున్నారు. ఎల్లేశం లింగమూర్తిని అడిగాడు.

"మేనేజరు నిన్ను మస్తు మెచ్చుకున్నడు," అన్నాడు లింగమూర్తి. "రెండు బల్లల పని ఒక్క పూటల అయితుంటె ఇన్ని కుర్సీలెందుకన్నడు. మిషను బుచ్చన్న నేర్సుకుంటడట."

"మరి నేను?"

"నువ్వు జ్ఞానయ్య బదిలివి గద. ఆయనకే కుర్సీ లేకుంటె నువ్వేడ కూసుంటవ్?"

గనిలో ఖాళీ వదిలితే కప్పు కూలుతుంది. ఆఫీసులో ఖాళీ వదిలితే ఏ కప్పూ కూలలేదు, పంఖా చల్లగా తిరుగుతూనే ఉంది. కూలింది కింద ఇద్దరే.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని డ్యూటీకి వచ్చిన జ్ఞానయ్యకు "పనున్ననాడు పిలుస్తం" అని చెప్పారు. ఆయన వచ్చి బల్ల మీద ఎల్లేశం పక్కన కూర్చున్నాడు.

"నా పని మంచిగ చేసినవట."

"చేసిన కాకా."

"మంచిది," అన్నాడు జ్ఞానయ్య. తిడితే బాగుండునని ఎల్లేశం చాలాసేపు ఎదురుచూశాడు. ఆయన ఇస్త్రీ నలగకుండా చొక్కా సర్దుకున్నాడు.

దసరా దగ్గరపడింది. సారవ్వ జైపూర్ పోవడానికి గిన్నెలు మూటగడుతోంది. ఆ పొద్దున బుచ్చన్నకు నిజంగానే జ్వరం వచ్చింది. రెండో సైరన్ మోగింది. లింగమూర్తి గుమ్మంలోకి వచ్చి వేలు వంచాడు. వేలు సూటిగా ఎల్లేశం వైపే ఉంది.

ఇన్నేళ్లూ లోపలే కూర్చున్న జ్ఞానయ్యకు ఆ వేలి భాష తెలియదు. "గదేంది, గాలిని గీకుతున్నడు?"

"పిలుస్తున్నడు కాకా. వేలు వంగితే జల్ది లేవాలె."

"ఎవల్నిరా?"

ఎల్లేశం వంగిన వేలు చూశాడు. పక్కన ఇస్త్రీ నలగని చొక్కా చూశాడు.

"నిన్నే. లే."

భుజం పట్టి లేపాడు. లింగమూర్తి పక్కకు జరిగి దారిచ్చాడు.

కాసేపటికి లోపల కాగితం మీద కలం గీసుకుపోతున్న చప్పుడు. బెదిరిన మనిషి పరుగు పెట్టినట్టుంది. ఎల్లేశం బల్ల మీద నుంచి లేచి, కిటికీ ఊచలు పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"కాకా, మెల్లగ రాయి. పొద్దుగూకేదాక సాగదియ్యి."

చప్పుడు నెమ్మదించేదాకా అక్కడే నిలబడి, తర్వాత మూటలెత్తడానికి ఇంటికి పోయాడు.